నేను ఇంట్లోకి రాగానే

ఆ వానాకాలమంతా మా ఇంటి వెనకగది తలుపు ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మూసే ఉండేది. దాని వెనక మా కోడలు ఉద్యోగం చేసేది.

ఆమె అమ్మానాన్నలిద్దరికీ పుట్టుకనుంచీ వినపడదు. నోటిమాట రాకముందే ఆ పిల్లకి చేతులతో మాట్లాడటం వచ్చిందట. పెళ్ళయి మా ఇంటికి వచ్చిన నాలుగేళ్ళలో నేను దాన్నొక విద్యగా ఎప్పుడూ అనుకోలేదు. వాళ్ళమ్మతో ఫోను వీడియోలో చేతులు తిప్పుతూ నవ్వుతుంటే వంటింటి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, చూసి, నా దారిన నేను పోయేవాణ్ణి. ఆ ఏడాది వానలు మొదలవుతుండగా ఒక సంస్థ ఆమెను పనిలోకి తీసుకుంది. ఏ ఆసుపత్రికైనా వినపడని రోగి వస్తే, డాక్టర్లు వీడియోలో ఈమెను పిలుస్తారు. డాక్టర్ నోటితో చెప్పింది ఈమె చేతులతో రోగికి చెబుతుంది. రోగి చేతులతో చెప్పింది నోటితో డాక్టర్‌కి చెబుతుంది.

మూడు నెలలు పరీక్షాకాలం. షరతులు రెండు. రోగి సంగతి మూడో మనిషి చెవిన పడకూడదు, కాబట్టి తలుపు మూసిన గది కావాలి. ఇక రెండోది, కాల్ తెగకూడదు. తెగి నిమిషంలోపు కలిస్తే ఫరవాలేదు. కలవకపోతే ఒకటిగా రాసుకుంటారు. మూడు నెలల్లో అలాంటివి మూడైతే ఇక రావద్దంటారు.

"మాట మధ్యలో తెగితే మళ్ళీ చెప్పుకోవచ్చు కదమ్మా?" అన్నాను నేను, తెలియక.

"చెయ్యి గాల్లో ఆగిపోతుంది మామయ్యా. 'ఆపరేషన్ అక్కర్లేదు' అని చెప్పబోయి 'ఆపరేషన్' దగ్గర ఆగిందనుకోండి. అవతల మనిషికి ఆ నిమిషం ఎలా గడుస్తుంది?"

ఆ తరవాత నేను మళ్ళీ అలాంటి ప్రశ్న వెయ్యలేదు.

మా ఇల్లు రైలుపెట్టెలాంటిది. ముందుగది, నడిమిగది, వంటిల్లు, స్నానాలగది, చివరన వెనకగది. ఇళ్ళు కట్టే కంపెనీలో ముప్పై రెండేళ్ళు ప్లాన్లు గీసి, చివరికి నా ఇల్లు ఇలా గీసుకున్నాను. తలుపు గట్టిగా పడేది ఒక్క వెనకగదికే. అది నా భార్య కుట్టుపని చేసుకున్న గది. ఆమె పోయాక మూడేళ్ళపాటు దాన్ని కదిలించలేదు. కోడలు అడగలేదు. అడగదని తెలిసే, ఒక ఆదివారం నేనే ఖాళీ చేసిచ్చాను. చిక్కల్లా ఒక్కటే. ఇంటర్నెట్ పెట్టె ముందుగది కిటికీ పక్కన ఉంది. వైఫై అన్ని గోడలూ దాటుకుని వెనకగదికి చేరేసరికి దానికి ప్రాణం ఉండేది కాదు.

రెండోవారంలోనే ఒక కాల్ తెగింది, నిమిషంలోపు కలవలేదు. ఒంటిగంటకి ఆమె బయటికి వచ్చి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే మా అబ్బాయి సాయంత్రం వచ్చి అడిగితే, "ఒకటయింది" అంది. అంతే.

నా మరదలికి నేనే ఫోన్ చేశాను.

మా మరదలు, అంటే నా భార్య చెల్లెలు, రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్పై మూడేళ్ళు చేసింది. మొదట బోర్డు ముందు కూర్చుని లైన్లు కలిపింది, తరవాత చెడిపోయిన లైన్లు పరీక్షించింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఊరందరి మాటలూ విని విని చెవులు అరిగిపోయాయి. ఇంట్లో ఇంకొకడి మాట వినే ఓపిక లేదు" అంటుంది. మర్నాడు మధ్యాహ్నం ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో పనిముట్ల సంచీ, చంకలో తన ఇంట్లో ఊరికే పడున్న పాత రూటర్ పెట్టుకుని దిగింది.

నేను గ్రాఫు కాగితం మీద దారి గీసి ఉంచాను. ముందుగది కిటికీ నుంచి వెనకగది బల్ల దాకా, తలుపుల పైన, పదిహేడు మీటర్లు. ఆమె కాగితం చూసి, కళ్ళజోడు మీదనుంచి నన్ను చూసింది.

"బావా, తీగ లాగమన్నావా, రైలుమార్గం వెయ్యమన్నావా?"

"కొలత తప్పకూడదని..."

"గోడలు ఇంత మందంగా కట్టినప్పుడు ఉండాల్సింది ఆ బుద్ధి."

అరవై రెండేళ్ళ మనిషి స్టూలెక్కి, రెండు మేకులు పెదాల మధ్య పెట్టుకుని, తీగ ఒక్కచోట కూడా వదులు లేకుండా కొడుతుంటే చూడ్డానికి ముచ్చటేసింది. మూలల దగ్గర తీగని మడవలేదు, నెమ్మదిగా వంచింది. "మడిస్తే లోపల విరుగుతుంది. పైకి మాత్రం నవ్వుతూనే ఉంటుంది," అని మేకుల మధ్యనుంచి చెప్పింది.

వెనకగదిలో తను తెచ్చిన చిన్న పెట్టెని బల్లమీద పెట్టింది. దాని వెనక ఒకే వరసలో నాలుగు కన్నాలు, పక్కన వేరే రంగుది ఒకటి ఉన్నాయి. నేను తీగ కొసని ఆ వేరే రంగుదానిలో పెట్టబోతే చేతిమీద ఒకటి వేసింది.

"అందులో పెడితే ఇది తనే ఒక కొత్త ఎక్స్ఛేంజ్ అనుకుని విడి కాపురం పెడుతుంది. మనకి అది వద్దు. ముందుగది పెట్టె చెయ్యి పొడుగు చెయ్యాలి, అంతే. ఈ నాలుగింట్లో ఒకదాన్లో పెట్టు."

రూటర్‌తో వచ్చిన కాగితం చదవడం నా వంతు. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. రెండు పెట్టెలకీ ఫ్యాక్టరీలో ఒకే నంబరు ఇస్తారు కనుక రెండోదాని నంబరు మార్చమని ఉంది. "ఒకే వీధిలో రెండిళ్ళకి ఒకే నంబరుంటే పోస్ట్‌మన్ చస్తాడు," అంటూ చివరి ఒకటిని రెండు చేసింది. నేను తరవాతి వాక్యం చదివాను.

"ఇంట్లోకి వచ్చే ప్రతి ఫోనుకీ, కంప్యూటర్‌కీ పెట్టె ఒక నంబరు ఇస్తుంది. రెండో పెట్టెలో నంబర్లు ఇవ్వడం ఆపెయ్యండి."

"ఆపను."

"కాగితంలో ఆపమని ఉంది."

"కాగితం రాసినవాడు ఎక్స్ఛేంజ్‌లో పనిచేశాడా? ఒక బోర్డు పడుకుంటే ఇంకో బోర్డు మేలుకుని ఉండాలి బావా. తుఫాను రోజున మా పెద్దబోర్డు పోతే చిన్నబోర్డు మీద నేనొక్కదాన్నే ఊరిని నడిపాను. రేపు ముందుగదిలో పెట్టె నిద్రపోతే పిల్లకి నంబరెవడిస్తాడు, నువ్విస్తావా?"

నేనివ్వలేను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తరవాత పదిరోజులు ఇంట్లో చల్లగా గడిచాయి. వెనకగదిలో వైఫై నిండా ఉంది. మూసిన తలుపు అవతల కోడలి గొంతు ఒక లయలో నడిచేది. కాసేపు మాట, కాసేపు నిశ్శబ్దం. డాక్టర్ మాట్లాడేటప్పుడు ఆమె చేతులు పనిచేస్తాయి, అప్పుడు మనకేమీ వినపడదు. రోగి చేతులు కదిపితే ఆమె గొంతు లేస్తుంది. ఆమె చెప్పేది కూడా 'రోగికి నొప్పిగా ఉందట' అని కాదు. 'నాకు నొప్పిగా ఉంది' అనే చెబుతుంది. మొదటిసారి ఆ ముక్క చెవిన పడ్డప్పుడు ఆమెకే ఏదో అయిందనుకున్నాను. మధ్యాహ్నం అడిగితే నవ్వింది. "వాళ్ళ మాట వాళ్ళదే కదా మామయ్యా. మధ్యలో నేనెందుకు?"

అంతకుమించి ఒక్క రోగి గురించీ, ఒక్క ముక్కైనా మా ఇంట్లో ఎవరితోనూ అనలేదు. కళ్ళెర్రబడి వచ్చిన రోజులున్నాయి. మంచినీళ్ళు తాగి, వేళ్ళు విరుచుకుని, వంటింట్లోకి వెళ్ళేది. నేనా మౌనాన్ని చూసి నేర్చుకోవలసినవాణ్ణి. నాకు ఆమెకన్నా నలభై ఏళ్ళు ఎక్కువున్నాయి.

పదకొండోరోజు నేను వాకింగ్ నుంచి వచ్చి గొడుగు దులుపుతున్నాను. తొమ్మిదిన్నర దాటి ఉంటుంది. వెనకగదిలో మాట ఠక్కున ఆగింది. కుర్చీ జరిగిన చప్పుడు. "డాక్టర్? కనపడుతున్నానా? డాక్టర్?" గోడగడియారం ముందు నిలబడి నేను సెకన్లు చూశాను. నిమిషం దాటింది. ఇంకో అరనిమిషం కూడా దాటింది.

"రెండు," అంది ఒంటిగంటకి.

మరదలు వచ్చి తీగంతా చేత్తో తడుముతూ ఈ చివరనుంచి ఆ చివరిదాకా పరీక్షించింది. ఎక్కడా లోపం లేదు. "నా తీగ తప్పు కాదు," అంది గానీ మొహం వాడిపోయింది.

నాలుగురోజుల తరవాత మళ్ళీ అదే జరిగింది. నేను ముందుగదిలో అడుగుపెట్టాను, వెనకగదిలో మాట ఆగింది. ఈసారి నలభై సెకన్లలో కలిసింది. మూడురోజులు గడిచాక ఇంకోసారి అలాగే జరిగింది. అప్పుడు నాకు అనుమానం తట్టింది. వాన కాదు, గాలి కాదు. నేను ఇంట్లోకి రాగానే తెగుతోంది.

నవ్వకండి. ఒకటొకటిగా తేల్చుకోవడం నాకు వృత్తిలో వచ్చిన జబ్బు. మర్నాడు బెల్లు నొక్కలేదు. ఆ తరవాతిరోజు లైటు వెయ్యలేదు. ఒకరోజు పెరటి తలుపునుంచి దొంగలా వచ్చాను. కొన్నిరోజులు ఆ వేళకి అసలు కాల్ ఉండేది కాదు, ఏదీ తేలేది కాదు. ఒకరోజు చెప్పులు గేటు బయటే వదిలి, వట్టికాళ్ళతో వచ్చాను. కాల్ నడుస్తోంది, తెగలేదు. చెప్పులే! అనుకున్నాను. తడిసిన చెప్పులకీ ఇంటర్నెట్‌కీ ఏం సంబంధమో అని సాయంత్రమంతా ఆలోచించాను. మర్నాడు కూడా వట్టికాళ్ళతోనే వచ్చాను. మాట ఆగింది. యాభై సెకన్లు. నా కాళ్ళకింద బురదనీళ్ళు మడుగు కట్టాయి గానీ నేను కదల్లేదు. కలిసింది.

ఇంకో పది సెకన్లయితే మూడయ్యేది.

కారణమేదైనా కారకుణ్ణి నేనే. అంతవరకు ఖాయం. కనుక మర్నాడు నేను ఇంటికి రాలేదు. వీధి మలుపులో మూసి ఉన్న తాళాల కొట్టు చూరు కింద గొడుగు వేసుకుని కూర్చున్నాను. ఒంటిగంట దాకా ఎంతసేపు, మూడున్నర గంటలే. వాన ఏటవాలుగా పడుతోంది. మోకాళ్ళ దాకా తడిసింది గానీ, మనసు మాత్రం చాలారోజుల తరవాత కుదుటపడింది.

పదిన్నరకి మరదలు అటుగా వచ్చింది.

"బావా! ఇక్కడేం చేస్తున్నావు? తాళం పోగొట్టుకున్నావా?"

"లేదు. ఊరికే."

"ఊరికే కూర్చోడానికి కొట్టు అరుగు దొరికిందా నీకు? ఇంట్లో కుర్చీలు కరుస్తున్నాయా? లే!"

"ఒంటిగంటకి వస్తాలే. నువ్వు పద."

ఆమె గొడుగు వెనక్కి వాల్చి నా మొహంలోకి చూసింది. వాళ్ళక్క కూడా అలాగే చూసేది. అబద్ధానికి చోటుండేది కాదు. చెప్పేశాను. బెల్లు, లైటు, పెరటి తలుపు, చెప్పులు, అన్నీ చెప్పాను. ఆమె ఒక్కసారికూడా నవ్వలేదు. దానికే నాకు భయం వేసింది.

"వట్టికాళ్ళతో వచ్చి తెగని రోజున నీ ఫోనెక్కడుంది?"

ఆలోచించాను. "ఇంట్లోనే. చార్జింగుకి పెట్టి మర్చిపోయి వెళ్ళాను."

"తెగిన రోజుల్లో?"

"జేబులో."

మరదలు గొడుగు ముడిచేసింది. వానలోనే ముడిచేసి, నా పక్కన అరుగుమీద కూలబడింది.

"నేను చేశాను బావా ఇది. నువ్వు కాదు."

"తీగ బాగానే ఉందన్నావుగా?"

"తీగ బాగానే ఉంది. నా తలకాయే బాగాలేదు. ముందుగదిలో పెట్టె నీ ఫోనుకి ఒక నంబరిచ్చింది. నువ్వు పొద్దున్నే ఫోనుతో బయటికి పోతావు. తొమ్మిదింటికి పిల్ల కంప్యూటర్ తెరుస్తుంది. వెనకగది పెట్టె ముందు పలికిన రోజున అది తన పుస్తకం చూసుకుంటుంది. ఆ నంబరు ఖాళీగా కనపడుతుంది, దానికిచ్చేస్తుంది. తొమ్మిదిన్నరకి నువ్వొస్తావు. నీ ఫోను, నా పాత నంబరు నాదే అంటుంది. ఒకే నంబరుకి ఇద్దరు. లైన్ ఏమవుతుంది? ఎవరి మాట ఎవరికి పోవాలో తెలీక చస్తుంది." ముక్కు చీదుకుంది. "ముప్పై మూడేళ్ళు చేశాను. ఒకే నంబరు ఇద్దరికి ఎప్పుడూ ఇవ్వలేదు. ఒక్కసారి కూడా. కాగితం చదివావు, ఆపమన్నావు. వినలేదు నేను."

"నేనూ గట్టిగా చెప్పలేదుగా."

"నువ్వెప్పుడు గట్టిగా చెప్పావులే," అని, కళ్ళు తుడుచుకుని, నా ఫోను లాక్కుని ఆపేసింది. "పద. వానలో నానడానికి నువ్వేం బట్టవా?"

ఒంటిగంటకి కోడలు తలుపు తీసి బయటికి వచ్చేసరికి మరదలు గుమ్మానికి ఎదురుగా నిలబడి ఉంది. ఎక్స్ఛేంజ్‌లో పైఅధికారి ముందు నిలబడే తీరు అదేనేమో, చేతులు ముందుకి కట్టుకుంది.

"ఆ రెండో కాల్ నావల్ల తెగింది తల్లీ. చిన్న పెట్టెని నంబర్లు ఇవ్వనిచ్చాను. మీ మామయ్య ఫోను వచ్చినప్పుడల్లా నీ లైను పోతోంది."

"తెలుసు చిన్నత్తయ్యా," అంది కోడలు మెల్లిగా. "అంటే, పెట్టె సంగతి తెలీదు. మామయ్య వస్తే పోతోందని మాత్రం పోయినవారమే కనిపెట్టాను."

"మరి చెప్పలేదేమమ్మా?" అన్నాను.

"మీ ఇంటికి మిమ్మల్ని రావద్దని ఎలా చెప్పను మామయ్యా?" తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "రేపటినుంచి పదింటికి మొదలుపెడతానని ఆఫీసుకి రాశాను. మీరు వచ్చాకే కంప్యూటర్ తెరుద్దామని. వాళ్ళింకా జవాబివ్వలేదు."

పరీక్షాకాలంలో ఉన్న మనిషి గంట పని తగ్గించమని అడిగిందంటే వాళ్ళేమనుకుంటారో ఆమెకి తెలియదా? తెలిసే రాసింది. నేను తల తుడుచుకుంటూ చాలాసేపు తువ్వాల్లోనే ఉండిపోయాను.

మరదలు మాత్రం నిలబడలేదు. "ఆ ఉత్తరం వెనక్కి తీసుకో ముందు," అని గదమాయించి లోపలికి వెళ్ళి, చిన్న పెట్టెలో నంబర్లు ఇవ్వడం ఆపేసింది. రెండు పెట్టెలూ ఆపి, మళ్ళీ వెలిగించింది. అన్ని నంబర్లూ ముందుగది పెట్టే ఇవ్వాలి, వెనకది ఉత్త దారి మాత్రమే. కోడలు వాళ్ళమ్మకి వీడియో కలిపింది. నేను ఫోను జేబులో వేసుకుని వీధి మలుపుదాకా వెళ్ళి రావడం మూడుసార్లు చేశాను. మూడుసార్లూ వాళ్ళ చేతులు ఆగలేదు. మూడోసారి తెరమీద వియ్యపురాలు నావైపు చూపించి ఏదో అంది, కోడలు ఫక్కున నవ్వింది.

"ఏమంటున్నారు?"

"మీ మామగారికి ఇంట్లో కాలు నిలవదా అంటోంది."

మూడు నెలలూ నిండేసరికి లెక్క రెండు దగ్గరే ఆగిందనీ, ఆమె ఉద్యోగం నిలిచిందనీ ఇక్కడే చెప్పేస్తాను. కానీ నాకు ఆ కాలమంతా గుర్తుండేది ఆ కబురొచ్చిన రోజు కాదు. దానికి వారం ముందు ఒక ఉదయం.

మరదలు ఎంత చెప్పినా నాకు భయం పోలేదు. వాకింగ్ నుంచి వస్తూ వీధి మలుపులోనే ఫోను ఆపేసేవాణ్ణి. "నా పని మీద అంత నమ్మకం బావా నీకు!" అని ఎత్తిపొడిచేది. పడేవాణ్ణి. ఆ ఉదయం వాన కుండపోతగా ఉంది. గొడుగు గాలికి తిరగబడింది. పరుగులాంటి నడకతో ఇంట్లోకి వచ్చి, తుడుచుకోడానికి బట్ట కోసం వంటిల్లు దాటి వెనకగది పక్కదాకా వచ్చేశాను. తలుపు అవతల కోడలి గొంతు కాస్త వణుకుతోంది.

"డాక్టర్, నా పాప ఏడుస్తోందా?"

సరిగ్గా అప్పుడే నా జేబులో ఫోను టింగుమంది. ఆపడం మర్చిపోయాను. ఇంటి వైఫై అందుకుంది, ఏదో కబురు వచ్చింది.

తలుపు అవతల మాట లేదు.

ఆ నిశ్శబ్దానికి రెండే అర్థాలున్నాయి. డాక్టర్ జవాబు చెబుతుంటే ఈమె చేతులు కదులుతూ ఉండాలి. లేదా తెగిపోయి, ఎక్కడో ఒక ఆసుపత్రి మంచం మీద, అప్పుడే బిడ్డని కన్న ఒక తల్లి, తనకి వినపడని ఏడుపు గురించి అడిగి, ఆగిపోయిన బొమ్మవైపు చూస్తూ ఉండాలి. కుర్చీ జరుగుతుందేమోనని విన్నాను. జరగలేదు. ఫోను ఆపేద్దామని చెయ్యి జేబులో పెట్టి, ఇప్పుడు ఆపి ఏం లాభమని అలాగే ఉండిపోయాను. గొడుగు కొసనుంచి నీళ్ళు గచ్చుమీద పడుతున్నాయి. ఒకటి, రెండు, మూడు అని ఆ చుక్కలు లెక్కపెట్టాను. పన్నెండుదాకా వచ్చాను.

"ఎలా ఏడుస్తోంది?" అంది కోడలి గొంతు. వణుకు పోయింది. ఆ తల్లి మొహం నేను చూడలేదు గానీ, ఆ గొంతులో ఆమె నవ్వు ఉంది. "సన్నగానా, గట్టిగానా? నాకు చెప్పండి."

నేను వినదగిన మాట కాదది. చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగాను. వంటిల్లు దాటుతుండగా తలుపు వెనక మళ్ళీ మాట ఆగింది. ఎలా ఏడుస్తోందో చెబుతున్నట్టుంది.